ఒకే డాబా కింద ఇరవై ఇళ్లు: విశాఖ సౌర విద్యుత్తుపై బహిరంగ లేఖ

రాష్ట్ర ఇంధన శాఖ పెద్దలకు, విద్యుత్ నియంత్రణ మండలి సభ్యులకు, విశాఖపట్నం నగర పాలనతోనూ విద్యుత్ పంపిణీతోనూ సంబంధమున్న అధికారులకు, ఈ నగరం ఎన్నుకున్న ప్రజాప్రతినిధులకు నమస్కారాలు.

నేను మద్దిలపాలెం ప్రాంతంలో ఇరవై ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంటు నివాసుల సంఘానికి కార్యదర్శిని. బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా డాబా మీద సౌర పలకలు పెట్టుకోవడానికి పద్నాలుగు నెలలుగా తిరుగుతున్నాం. ఈ కాలంలో మూడు అర్జీలు ఇచ్చాం. మూడోదాన్ని సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి నా చేతులతోనే అందజేశాను. పది రోజుల తరువాత నా ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. ఆ సందేశం వచ్చిన రోజుకు మా డాబా మీద ఒక్క మేకు కూడా దిగలేదు, ఈ రోజుకూ దిగలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాయవలసి వస్తోంది.

ఏ కార్యాలయం, ఏ అధికారి అన్నది ఇక్కడ రాయడం లేదు. మాతో మాట్లాడిన ఉద్యోగుల్లో చాలామంది మర్యాదగానే మాట్లాడారు. వారి ముందున్న నిబంధనల్లోనే మాలాంటివారికి సరైన చోటు లేదు. ఒక ఉద్యోగిని నిందించి మా ఒక్క పని చేయించుకున్నా, ఇదే నగరంలో ఒకే డాబాను పంచుకుని బతుకుతున్న మిగతా కుటుంబాలకు దారి దొరకదు.

నగరం చేసిన పనిని తక్కువ చేయాలన్న ఉద్దేశం మాకు లేదు. హుద్‌హుద్ తుపాను తరువాత కొద్ది నెలల్లోనే తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చిన నగరం ఇది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం వచ్చింది. ఆ తరువాత మేఘాద్రిగెడ్డ జలాశయం మీద మరో 3 మెగావాట్లు వచ్చాయి. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఆ పథకం మార్గదర్శకాలు నగరపు ఇంధన అవసరంలో కనీసం 10 శాతం సౌరశక్తి నుంచి రావాలని చెప్పాయి. పాతతరం వారికి ఇంకొకటి కూడా గుర్తుంటుంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కొండలు దిగి ఈ మైదానానికి వచ్చిన రోజుల్లో, ఈ ప్రాంతంలో కరెంటంటే నీటి కరెంటే. బొగ్గును కాల్చకుండా వచ్చే విద్యుత్తు మనకు కొత్త సంగతేమీ కాదు.

అయినా ఒక చిన్న లెక్క వేసుకుందాం. మన ఎండలో ఒక కిలోవాట్ సామర్థ్యానికి రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఆ లెక్కన రెండు జలాశయాల మీదున్న 5 మెగావాట్లకు రోజుకు 20,000 యూనిట్లు, నెలకు 6 లక్షల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు అనుకుంటే అవి 3,000 కుటుంబాలకు సరిపోతాయి. 2011 జనగణన నాటికే నగర జనాభా 17 లక్షలు దాటింది. మనకు దగ్గర్లోనే పరవాడ వద్ద సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లది. అదే కేంద్రపు జలాశయం మీద 2021లో వచ్చిన 25 మెగావాట్ల తేలియాడే పలకలు అప్పటికి దేశంలోనే పెద్దవి. అవి అక్కడే ఉన్న బొగ్గు సామర్థ్యంలో ఎనభయ్యో వంతు మాత్రమే. జలాశయాల మీద జాగా ఎంతో లేదు. మిగిలిన జాగా ఎక్కడుందో నగరంలో ఏ అయిదో అంతస్తు ఎక్కి చూసినా కనిపిస్తుంది. సీతమ్మధార నుంచి మురళీనగర్ దాకా ఖాళీ డాబాలే. ఆ డాబాల కింద ఉంటున్నవారికి మాత్రం వాటిని వాడుకునే దారి తెరుచుకోలేదు. మా విన్నపమంతా దీని గురించే.

మా సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అడ్డంకులన్నీ అందులోనే ఉన్నాయి.

నిరుడు ఏప్రిల్‌లో నీళ్ల ట్యాంకు పొంగుతోందంటే చూడడానికి మధ్యాహ్నం రెండింటికి డాబా ఎక్కాను. చెప్పులు కిందే వదిలేసి వెళ్లడం పొరపాటయింది, అరికాళ్లు కాలిపోయాయి. ట్యాంకు నీడలో నిలబడి చూస్తే సందుకు అవతల ఉన్న రెండంతస్తుల సొంత ఇంటి మీద ఆరు పలకలు మెరుస్తూ కనిపించాయి. ఆ ఇంటాయన సాయంత్రం తన బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. ‘చూడండి మాస్టారూ, పోయిన వేసవిలో ఇదే నెలకు మూడు వేలు కట్టాను’ అన్నారు. ఈసారి కట్టింది స్థిర ఛార్జీలూ, కొద్దిపాటి యూనిట్ల ఖరీదూ మాత్రమే. ఆయనకు అర్జీ పెట్టిన నెలన్నరలోపే నెట్ మీటరు, అంటే లైను నుంచి తీసుకున్న యూనిట్లనూ లైనుకు ఇచ్చిన యూనిట్లనూ లెక్కకట్టే మీటరు, బిగించారు. డాబాల మీద సౌర పలకలకు రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకం పనిచేస్తుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మా అయిదో అంతస్తులో కుట్టుమిషను మీద సంసారం నడుపుకునే ఒక తల్లి ఉంది. స్లాబు వేడికి పగలంతా కూలరు, రాత్రి పిల్లల గదిలో ఏసీ వేయక తప్పదు. మా ఇరవై ఇళ్లలో ఎక్కువ బిల్లు వచ్చేది ఆ ఇంటికే. మా సంఘం సమావేశంలో ఆమె అన్న మాట నేను మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను: ‘డాబా మీద ఎండంతా మా ఇంట్లోకే దిగుతోంది మాస్టారూ, ఆ ఎండలో వచ్చే కరెంటు మాత్రం మాకు చెందదంటున్నారు.’

డాబా ఏ ఒక్కరిదీ కాదు గనుక, విడదీయని వాటా గనుక, ఫ్లాటు యజమాని తన సర్వీసు నంబరు మీద పలకలు పెట్టుకోవడం కుదరదని మాకు చెప్పారు. సంఘం పేరున ఉమ్మడి సర్వీసుకు, అంటే లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు నడిచే మీటరుకు పెట్టుకోవచ్చన్నారు. సరేనన్నాం. తీరా చూస్తే ఆ ఉమ్మడి మీటరు పదకొండేళ్లుగా భవనం కట్టిన బిల్డరు పేరు మీదే ఉంది. ఆ పేరు మార్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇరవై మంది యజమానుల్లో పదిహేడు మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు అమెరికాలో, ఒకరు బెంగళూరులో ఉన్నారు. వారి సంతకాలు కూడా కావాలన్నారు. ఈమెయిలు కాగితం చాలదన్నారు, నోటరీ కావాలన్నారు. అవన్నీ సమకూర్చి 8 కిలోవాట్లకు దరఖాస్తు చేస్తే, ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం చూడాలన్నారు. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అనే ఉంది.

ఇక్కడ ఒక నిబంధన మీ దృష్టికి తేవాలి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరణ తెచ్చింది. 10 కిలోవాట్ల వరకు సక్రమంగా నింపిన దరఖాస్తును సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే ఆమోదించినట్టు భావించాలని అందులో ఉంది. అంతకు మించితే పరిశీలనకు 15 రోజులు. పలకలు బిగించిన తరువాత వ్యవస్థను ప్రారంభించడానికి ఉన్న గడువును 30 రోజుల నుంచి 15 రోజులకు తగ్గించారు. 5 కిలోవాట్ల వరకు లైన్ల బలోపేతానికి అయ్యే ఖర్చు పంపిణీ సంస్థే భరించాలి. మాది 8 కిలోవాట్లు. నెలల తరబడి ‘పరిశీలన’ ఏ నిబంధన కింద జరుగుతున్నదో మాకు ఎవరూ చెప్పలేదు.

ఈ జాప్యం వల్ల, ఈ ఇరుకు నిబంధనల వల్ల సామాన్యులకు జరుగుతున్నది ఇది:

1. ఫ్లాటులో ఉన్నవారు రాయితీకి దూరమవుతున్నారు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 75,021 కోట్ల రూపాయలతో కోటి ఇళ్లకు 2026-27 ఆర్థిక సంవత్సరంలోగా పలకలు చేర్చాలన్నది లక్ష్యం. సొంత డాబా ఉన్నవారికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడో దానికి 18,000 చొప్పున గరిష్ఠంగా 78,000 రూపాయలు అందుతాయి. నివాసుల సంఘానికి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18,000 ఇస్తారు. అంటే మా ఇరవై కుటుంబాలకూ కలిపి, 8 కిలోవాట్లకు వచ్చేది 1,44,000 రూపాయలు, ఇంటికి 7,200. సందుకు అవతలి ఇంటికి 78,000. ఆ ఇంటాయన మీద మాకు ఏ అసూయా లేదు. కానీ పన్ను కట్టేది అందరం. గడువు దగ్గర పడుతోంది. మా ఫైలు కదిలేలోపు పథకమే ముగిసిపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

పైగా మా డాబా మీద జాగా 8 కిలోవాట్లకే పరిమితం కాదు. ట్యాంకులు, లిఫ్టు గది, మెట్ల గది పోను రెండు వేల చదరపు అడుగులు మిగులుతుంది. కిలోవాటుకు వంద చదరపు అడుగులు చొప్పున 20 కిలోవాట్లు పడతాయి. ఉమ్మడి అవసరాలు పోను 12 కిలోవాట్ల విద్యుత్తును ఇళ్లకు పంచితే, నెలకు ఇంటికి సుమారు 70 యూనిట్లు. 300 యూనిట్లు వాడే ఇంట్లో ఆ 70 యూనిట్లూ బిల్లులోని పై ధరల శ్లాబు నుంచే తగ్గుతాయి. 226 నుంచి 400 వరకు ఉన్న ఆ శ్లాబులో యూనిట్ ధర 8.75 రూపాయలు. నెలకు 600 రూపాయలకు పైగా మిగులు. కుట్టుకూలి మీద బతికే ఇంటికి అది ఒక పిల్లవాడి ట్యూషను ఫీజు. పలకలు డాబా స్లాబు మీద పరచే నీడ వల్ల గది చల్లబడడం ఈ లెక్కలో కలపలేదు.

2. అద్దెకున్నవారికి ఈ పథకం ఆచరణలో అందడం లేదు. బిల్లు కట్టేది వారు, డాబా యజమానిది. యజమాని పెట్టుబడి పెట్టడు, ఎందుకంటే బిల్లు తనది కాదు. అద్దెదారు పెట్టలేడు, ఎందుకంటే రేపు ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు.

3. కొండవాలు కాలనీల్లో రేకుల ఇళ్లవారి సంగతి ఇంకా కష్టం. షెడ్యూల్డ్ కులాలు, తెగల కుటుంబాలకు 2 కిలోవాట్ల పలకలు ఉచితంగా ఇస్తామన్న రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం మంచిది, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే 2 కిలోవాట్లకు రెండు వందల చదరపు అడుగుల గట్టి పైకప్పు కావాలి. ఆరిలోవ కొండవైపు రెండు గదుల రేకుల ఇంటికి అంత పైకప్పే ఉండదు, ఉన్నా ఇనుప చట్రం బరువు మోయలేదు. ఉచితమని చెప్పిన తరువాత ‘మీ ఇంటికి కుదరదు’ అని వెనక్కి పంపడం, ముందే ఏమీ చెప్పకపోవడం కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. నియోజకవర్గానికి 10,000 ఇళ్లు అన్న లక్ష్యాన్ని సొంత డాబాలున్నవారితోనే నింపేస్తే అంకె పూర్తవుతుంది, పేదవాడు మాత్రం మిగిలిపోతాడు.

4. తుపాను వచ్చిన రోజు ఈ పలకలు మనకు దీపం కూడా వెలిగించవు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఇళ్ల మీద ఇప్పుడు బిగిస్తున్న మామూలు ఇన్వర్టరు లైనులో కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. లైను పోగానే అదీ ఆగిపోతుంది. అలా ఆగకపోతే స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు ఏ ఇంటి నుంచో వచ్చిన కరెంటు తగిలి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఆ రక్షణ ఉండితీరాలి. దాని పర్యవసానం మాత్రం, నడినెత్తిన ఎండ కాస్తున్నా లైను తెగిన వీధిలో పలకలున్న ఇల్లూ చీకటే, లేని ఇల్లూ చీకటే.

హుద్‌హుద్ విరుచుకుపడిన 2014 అక్టోబరు 12ను ఈ నగరంలో ఎవరూ మరిచిపోలేదు. స్తంభాలు వేర్లతో సహా పెకలించిన చెట్లలా పడిపోయాయి. తరువాత కొన్ని ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. మోటార్లు తిరగక నీళ్లు లేవు. ఫోన్లకు చార్జింగు లేక, బిడ్డలు ఎలా ఉన్నారో తెలియక తల్లిదండ్రులు అల్లాడారు. పాల ప్యాకెట్టు కోసం తెల్లవారుజామున వరుస కట్టాం. మా బడి పిల్లల్లో ఒకడి చెల్లెలికి ఇన్సులిన్ అవసరం. ఫ్రిజ్ లేని ఆ రోజుల్లో వాళ్ల నాన్న మట్టికుండలో తడిగుడ్డ చుట్టి మందు దాచాడు. ఆ కుండను నేను స్వయంగా చూశాను. తుపాను వెళ్లిన మర్నాడే ఆకాశం తేటపడి ఎండ కాసింది. ఆ ఎండను వాడుకోగల ఒక్క చోటు, బ్యాటరీతో కూడిన ఒక్క ఆరోగ్య కేంద్రం పేటకొకటి ఉండి ఉంటే ఎంతమందికి ఆసరా అయ్యేదో ఊహించండి. అప్పటికి పలకలు అరుదు, కాబట్టి ఆనాటివారిని తప్పుపట్టలేం. ఇప్పుడు పలకలు వస్తున్నాయి. అయినా బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

5. ఉప్పుగాలి, దుమ్ము. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ చువ్వ రెండేళ్లకే తుప్పు పట్టడం అందరం చూస్తున్నదే. పలకలకు పాతికేళ్ల హామీ ఇస్తారు గాని, వాటిని పట్టి ఉంచే చట్రం, బోల్టులు ఆ పాతికేళ్లూ నిలుస్తాయో లేదో ఎవరూ రాసివ్వరు. నాసిరకం పూత వేసిన చట్రం పెద్దగాలికి ఊడితే ఆ పలక ఎగిరి కింద నడిచే మనిషి మీద పడుతుంది. జ్ఞానాపురం వైపు బొగ్గుపొడి పేరుకునే ఇళ్లలో పలకలను వారం వారం తుడవకపోతే ఉత్పత్తి పడిపోతుంది. పథకం ప్రకారం అయిదేళ్ల నిర్వహణ బాధ్యత బిగించిన సంస్థదే. బిగించేదాకా రోజుకు నాలుగుసార్లు వచ్చే ఫోను, బిగించిన తరువాత మనం చేసినా ఎత్తరని వినియోగదారులు మొరపెట్టుకుంటున్నారు.

6. రాబోయే కాలంలో ఈ నగరపు విద్యుత్ అవసరం ఇప్పటిలా ఉండదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని ప్రకటించింది. పెట్టుబడులు రావాలి, మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఒక గిగావాట్ అంటే సింహాద్రి కేంద్రపు సామర్థ్యంలో సగం. ఆ స్థాయి వినియోగదారుడు శుభ్రమైన విద్యుత్తును సొంత ఒప్పందాలతో సంపాదించుకోగలడు. సామాన్యుడికి ఆ శక్తి లేదు. తన ఇంటి మీది ఎండ తప్ప వేరే ఆధారం లేనివాడికి ఆ ఎండనైనా అందకుండా చేస్తే, శుభ్రమైన విద్యుత్తు పెద్దలకూ, బొగ్గు బూడిదా సర్దుబాటు ఛార్జీలూ మిగతావారికీ మిగులుతాయి.

మేము కోరుతున్నవి ఇవి. వీటిలో చాలావాటికి కొత్త డబ్బు అక్కరలేదు.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వర్చువల్ నెట్ మీటరింగ్. పేరు పెద్దదైనా పద్ధతి తేలిక: పలకలు ఒకచోట ఉంటాయి, వాటి నుంచి వచ్చిన యూనిట్లను వాటాదారుల బిల్లుల్లో వారి వారి వంతు ప్రకారం తగ్గిస్తారు. ఒక్కో ఇంటికీ తీగ లాగనక్కరలేదు, లెక్క పంచితే చాలు. ఢిల్లీలో దీనికి 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. మన నగరంలో ఫ్లాటు యజమాని గాని, అద్దెదారు గాని, రేకుల ఇంటివారు గాని తమ దగ్గరి విద్యుత్ కార్యాలయానికి వెళ్లి ఒక తెలుగు దరఖాస్తు నింపి ఇందులో చేరగలిగేలా చేయండి. మండలి సభ్యులను ప్రత్యేకంగా వేడుకుంటున్నాం: డాబా వాటా విడదీయనిదైనా వాటాదారుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చాలునని స్పష్టంగా రాయండి. దేశాంతరంలో ఉన్న ఒక యజమాని సంతకం కోసం పందొమ్మిది ఇళ్లు ఆగిపోకూడదు. అద్దెదారు ఇల్లు మారితే అతని వాటా కొత్త సర్వీసు నంబరుకు బదిలీ కావాలి.

రెండోది, సర్కారు డాబాలు. నగరంలోని బడులు, వార్డు కార్యాలయాలు, కల్యాణ మండపాలు, పంపుహౌసుల మీద పలకలు పెట్టి, ఆ యూనిట్లలో ఒక భాగాన్ని పైన మూడో అంశంలో చెప్పిన కుటుంబాల బిల్లుల్లో చూపండి. మే నెలలో బడులకు సెలవులు, ఎండ మాత్రం అప్పుడే ఎక్కువ. ఆ నెల మిగులు ఒక్కటే ఎన్నో ఇళ్ల ఫ్యాన్లను తిప్పుతుంది.

మూడోది, గడువు. 10 కిలోవాట్లలోపు దరఖాస్తు పెండింగులో ఉంటే కారణం, బాధ్యుడైన అధికారి హోదా, తేదీ దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా తెలియాలి. అర్జీదారు ఒప్పుకోకుండా ఏ అర్జీనీ ‘పరిష్కరించబడినది’ అని మూసివేయకూడదు. బిల్డర్ల పేరున ఉన్న ఉమ్మడి మీటర్లను సంఘాల పేరుకు మార్చడానికి ప్రతి సర్కిల్‌లో ఒక నెల రోజులు ప్రత్యేక శిబిరం పెట్టండి.

నాలుగోది, తుపానుకు సిద్ధం కావడం. పట్టణ ఆరోగ్య కేంద్రాలకు, తుపాను సహాయ శిబిరాలుగా వాడే బడులకు, కనీసం వార్డుకొక తాగునీటి పంపుకు, లైనుతో పని లేకుండా కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్లూ బ్యాటరీలూ పెట్టండి. టీకాల ఫ్రిజ్, నాలుగు దీపాలు, ఫోన్ల చార్జింగు, ఒక మోటారు: ఇంతకు మించి మేము అడగడం లేదు. తీరానికి దగ్గరి ప్రాంతాల్లో చట్రాలకు గాలి ఒత్తిడి తట్టుకునే ప్రమాణాన్నీ, జింకు పూత మందాన్నీ తప్పనిసరి చేసి, బిగించిన తరువాత ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టే ఏర్పాటు చేయండి. మరమ్మతుకు మనుషులు కావాలంటే కంచరపాలెం ఐటీఐ ఉంది. అక్కడి పిల్లలకు ఈ పని నేర్పితే వారికి ఊళ్లోనే ఉపాధి, మాకు పిలిస్తే పలికే మనిషి.

అయిదోది నీటి పంపుల కరెంటు. ఏలేరు, రైవాడ, తాటిపూడిల నుంచి ఇంత దూరం నీళ్లు తెచ్చి, కొండల మీది ట్యాంకులకు ఎక్కించే నగరం మనది. ఇందోర్ నగర పాలక సంస్థ నర్మద నీళ్లు ఎత్తిపోసే ఖర్చు తగ్గించుకోవడానికి 2023లో గ్రీన్ బాండ్లు, అంటే పర్యావరణానికి మేలు చేసే పనుల కోసం అప్పు తీసుకునే పత్రాలు, అమ్మి 244 కోట్ల రూపాయలు సేకరించింది. ఖర్గోన్ జిల్లా జలూద్ వద్ద 60 మెగావాట్ల సౌర కేంద్రానికి ఆ డబ్బు. మొదట అడిగిన 122 కోట్లకు దాదాపు ఆరింతలు పెట్టడానికి మదుపరులు ముందుకు వచ్చారు. మన నగరానికి అటువంటి పరపతి లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఇక్కడి పింఛనుదారులు, నావికులు, ఉక్కు కార్మికుల కుటుంబాలు తమ ఊరి నీళ్ల కోసం బాండు కొంటారు. నేనూ కొంటాను.

చివరగా, ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ కేంద్రాల్లో ఏ నెలలో ఎన్ని యూనిట్లు వచ్చాయో, దానివల్ల నగరానికి ఎంత ఆదా అయిందో, ప్రతి వార్డులో ఎన్ని సౌర దరఖాస్తులు వచ్చి ఎన్ని పూర్తయ్యాయో వార్డు కార్యాలయం గోడ మీద తెలుగులో అతికించండి. ఆ పట్టికలో సొంత ఇళ్లు, ఫ్లాట్లు, అద్దె ఇళ్లు, రేకుల ఇళ్లు వేరు వేరుగా ఉండాలి. అలా ఉంటే ఎవరు మిగిలిపోతున్నారో చదవడం వచ్చిన ప్రతివారికీ తెలుస్తుంది.

ఈ లేఖ మీకు చేరిన ముప్పై రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. కుదరదన్నా సరే, ఏ నిబంధన ప్రకారం కుదరదో రాయండి, దాన్ని మార్చవలసినవారి దగ్గరికి వెళ్తాం. వర్చువల్ నెట్ మీటరింగ్‌ను ఒకచోట పెట్టి చూడాలనుకుంటే మా డాబాను ఇస్తాం. ఇరవై ఇళ్ల పదమూడు నెలల బిల్లులు, తీర్మానం, నోటరీ కాగితాలు, డాబా కొలతలు ఒక ఫైల్లో సిద్ధంగా పెట్టాం. డాబా తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ముందుగా చెప్పకుండా వచ్చినా తెరుస్తాడు. మధ్యాహ్నం వస్తే మాత్రం దయచేసి చెప్పులు వేసుకునే పైకి రండి.

ఇట్లు,
ఇరవై కుటుంబాల తరఫున,
ఒక అపార్ట్‌మెంటు నివాసుల సంఘం కార్యదర్శి,
విశాఖపట్నం